గని నీటికి తగిన పంపు: హార్స్‌పవర్ కంటే ముందు తేల్చుకోవలసిన సంగతులు

గనికి పంపు కావాలన్న మాట రాగానే అందరి నోటా ముందుగా వచ్చే ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ?" అన్నదే. నిజానికి అది మిగిలినవన్నీ తేలాక, చిట్టచివరన లెక్కలోంచి దానంతట అదే బయటపడవలసిన అంకె. ఎంత నీరు, ఎంత ఎత్తుకు, ఏ గొట్టం గుండా పోవాలి, ఆ నీటిలో ఏమేం కలిసి ఉన్నాయి, పంపు ఎక్కడ కూర్చుంటుంది, అది ఆగిపోతే ఎంతసేపట్లో నీరు మనుషుల దాకా వస్తుంది అన్న ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాసుకోకుండా కొన్న పంపు ఎంత పేరున్నదైనా ఆ గనికి సరిపోతుందన్న నమ్మకం లేదు. పంపు ఎంపిక నీటితో మొదలై గొట్టం మీదుగా నడిచి మోటారు దగ్గర ముగియాలి. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

నీరు ఎంత?

గనిలోకి నీరు రెండు దారుల్లో చేరుతుంది. రాతి పగుళ్ల నుంచి, ఇసుక పొరల నుంచి వచ్చే ఊట నీరు రోజూ దాదాపు ఒకే తీరుగా వస్తుంది. వాన నీరు మాత్రం, ముఖ్యంగా ఓపెన్‌కాస్ట్ (పైనుంచి తెరిచి తవ్వే) గనిలో, ఒక్క రాత్రిలో వచ్చి పడుతుంది. ఈ రెండింటినీ కలిపి సగటు తీయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు, ఎందుకంటే సగటు వాన అనేది ఏ రోజూ కురవదు.

ఊటను కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. వాన లేని రోజున పంపు ఆపి, సంపు (గని నీరు చేరే గుంత) గోడ మీద నీటి మట్టానికి గీత పెట్టి, గంట తర్వాత నీరు ఎంత పెరిగిందో చూస్తే చాలు. సంపు విస్తీర్ణం 600 చదరపు మీటర్లు ఉండి, గంటలో నీరు 10 సెంటీమీటర్లు పెరిగితే, ఊట గంటకు 60 ఘనపు మీటర్లన్నమాట. ఈ కొలత ఎండాకాలంలో ఒకసారి, వానలు వెనకబట్టిన కొద్ది రోజులకు మరోసారి తీసి, పెద్ద అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

వాన నీటికి గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒకటే: ఒక హెక్టారు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 10 ఘనపు మీటర్ల నీరు. గుంత విస్తీర్ణమూ, దానిలోకి వాలుగా నీరు దిగే చుట్టుపక్కల నేలా కలిపి 40 హెక్టార్లు అనుకుందాం. ఒక రోజులో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 40,000 ఘనపు మీటర్లు. అందులో 80 శాతం పారి అడుగుకు చేరుతుందనుకుంటే 32,000. దీన్ని అయిదు రోజుల్లో, రోజుకు 20 గంటల చొప్పున, అంటే 100 గంటల్లో తోడేయాలని నిర్ణయిస్తే, ఆ అయిదు రోజుల్లో (120 గంటల్లో) చేరే ఊట 7,200 ఘనపు మీటర్లను కూడా కలుపుకోవాలి. మొత్తం 39,200; అంటే గంటకు 392, గుండు అంకెలో 400 ఘనపు మీటర్లు. ఇదే పని ఒకే పంపుతో చేయడం కంటే గంటకు 200 తోడే పంపులు రెండు, వేటి గొట్టం వాటికి ఉండేలా పెట్టుకోవడం మేలు. వాన లేని రోజుల్లో ఒకటే, అదీ కొన్ని గంటలే నడుస్తుంది. ఒకటి చెడినా రెండోది సగం పని చేస్తూనే ఉంటుంది.

ఎన్ని రోజుల్లో తోడాలన్నది ఇంజనీరు ఒక్కడే తేల్చే సంగతి కాదు. అడుగు బెంచి (గని మెట్లలో అన్నిటికంటే కిందిది) ఎన్నాళ్లు మునిగి ఉన్నా పని సాగుతుందో గని నడిపేవారు చెప్పాలి. అయిదు రోజులకు బదులు రెండే రోజులంటే పంపుల ఖర్చు రెండింతలకు మించుతుంది. అలాగే ఈ లెక్క చేసే ముందు గుంత అంచు చుట్టూ తిరిగి చూడడం మరిచిపోవద్దు. బయటి నీరు లోపలికి దిగకుండా చుట్టూ తవ్విన మళ్లింపు కాలువ ఒక పంపు చేసే పనిని కరెంటు లేకుండా చేసి పెడుతుంది.

ఎత్తు, గొట్టం

పంపు మోయవలసిన హెడ్ అంటే సంపులోని నీటి మట్టం నుంచి పైన నీరు బయటపడే చోటు దాకా ఉన్న నిలువు ఎత్తు, దానికి తోడు గొట్టంలో ఘర్షణ వల్ల పోయేది. నిలువు ఎత్తును సంపు నిండుగా ఉన్నప్పుడు కాదు, అడుగంటినప్పుడు కొలవాలి. చాలామంది ఘర్షణను "పది శాతం వేసుకో" అని తేల్చేస్తారు. గొట్టం పొడుగ్గా, సన్నగా ఉన్న గనుల్లో ఈ అలవాటు ఎంత మోసం చేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

పై లెక్కలోని ఒక్కో పంపు గంటకు 200 ఘనపు మీటర్ల నీటిని 110 మీటర్ల ఎత్తుకు, 650 మీటర్ల పొడవైన స్టీలు గొట్టం గుండా పంపాలి. లోపలి వ్యాసం 150 మిల్లీమీటర్లైతే నీటి వేగం సెకనుకు సుమారు 3.1 మీటర్లు, మామూలుగా వాడిన గొట్టంలో ప్రతి 100 మీటర్లకు 7 మీటర్లకు పైగా హెడ్ పోతుంది. మొత్తం దాదాపు 48 మీటర్లు, వంపులకూ వాల్వులకూ మరో అయిదు. అదే 200 మిల్లీమీటర్ల గొట్టమైతే వేగం 1.8 మీటర్లకు తగ్గి, 100 మీటర్లకు 1.8 మీటర్లే పోతుంది. మొత్తం 12, వంపులకు మూడు. మొదటి గొట్టంతో పంపు 163 మీటర్లు ఎత్తాలి, రెండో దానితో 125 మీటర్లే.

ఇప్పుడు శక్తి లెక్క. గంటకు ఘనపు మీటర్లను హెడ్ మీటర్లతో గుణించి, నీటి సాపేక్ష సాంద్రతతోనూ (మామూలు నీటికి 1) గుణించి, వచ్చినదాన్ని 367తోనూ పంపు సామర్థ్యంతోనూ భాగిస్తే పంపు షాఫ్టు (తిరిగే ఇరుసు) దగ్గర కావలసిన కిలోవాట్లు వస్తాయి. సామర్థ్యం 70 శాతం అనుకుంటే లావు గొట్టానికి 97 కిలోవాట్లు, సన్న గొట్టానికి 127. ఆ 30 కిలోవాట్ల తేడా రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులు నడిస్తే 72,000 యూనిట్ల కరెంటు. అంతేకాదు, 97 కిలోవాట్లకు 110 కిలోవాట్ల మోటారు సరిపోతుంది. 127 కిలోవాట్లకు 132 మోటారు పెడితే మిగులు నాలుగు శాతమే కనుక 160కి పోక తప్పదు, దానితో పాటు స్టార్టరూ కేబులూ లావవుతాయి. గొట్టం మీద మిగిల్చిన డబ్బు ఎటు పోతుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నా అభిప్రాయంలో ఏడాదికి మించి ఒకే చోట ఉండే లైనులో వేగం సెకనుకు 2 మీటర్లు దాటనివ్వకూడదు. నీటిలో ఇసుక ఉంటే మరీ తగ్గించడమూ ప్రమాదమే. సెకనుకు ఒకటిన్నర మీటర్ల కంటే దిగితే ముతక ఇసుక గొట్టంలోనే పేరుకోవచ్చు.

గొట్టం తట్టుకునే ఒత్తిడిని కూడా ఇక్కడే చూసుకోవాలి. ప్రతి 10.2 మీటర్ల హెడ్‌కు ఒక బార్ చొప్పున 125 మీటర్లంటే 12 బార్లకు పైనే. కరెంటు పోయి పంపు హఠాత్తుగా ఆగినప్పుడు వెనక్కి వాలే నీటి స్తంభం నాన్‌రిటర్న్ వాల్వును (నీటిని వెనక్కి పోనివ్వని కవాటాన్ని) కొట్టే దెబ్బ దానికి అదనం. అందువల్ల అడుగు భాగంలో 16 బార్ల తరగతి గొట్టం కంటే తక్కువది వాడడం సబబు కాదు.

నీటిలో ఏముంది?

పంపును తొందరగా చంపేది ఎత్తు కాదు, నీటిలో కలిసి వచ్చే సరుకు. ఒక గాజు సీసాలో లీటరు సంపు నీటిని, పంపు నీరు లాగుతున్న చోటి నుంచే, ముంచి తీసి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున పేరుకున్న మడ్డిని వేళ్ల మధ్య నలిపి చూడండి. సబ్బులా జారితే అది బంకమన్ను. ఇంపెల్లర్‌ను (పంపులో తిరిగే రెక్కల చక్రాన్ని) పెద్దగా అరగదీయదు కానీ తొందరగా తేరుకోదు. గరగరలాడితే అది ఇసుక, రాతి పొడి. అసలు శత్రువు అదే. అలాంటి నీటిలో నడిచిన ఇంపెల్లర్‌ను విప్పి చేతిలోకి తీసుకుంటే, రెక్కల అంచులు వాడిన కత్తిలా పలచబడి, వెనక వైపు అలలు అలలుగా తొలిచినట్టు కనిపిస్తుంది. ఈ అరుగుదల నీటి వేగంతో పాటు సమానంగా పెరగదు, దాదాపు దాని రెండున్నరవ ఘాతం నుంచి మూడవ ఘాతం దాకా, అంటే వేగం రెట్టింపైతే అయిదారు నుంచి ఎనిమిది రెట్లు, పెరుగుతుంది. కాబట్టి ఇసుక నీటికి నిమిషానికి 2,900 చుట్లు తిరిగే చిన్న పంపు కంటే 1,450 చుట్లు తిరిగే పెద్ద పంపు కొనేటప్పుడు బరువనిపించినా వాడకంలో చవక.

రసాయన గుణం తెలుసుకోవడానికి పీహెచ్ (ఆమ్ల గుణాన్ని చెప్పే అంకె; తగ్గినకొద్దీ ఆమ్లం ఎక్కువ) కాగితం చాలు. గంధకంతో కూడిన పైరైట్ ఖనిజం గాలీ నీరూ తగిలి ఆక్సీకరణ చెందితే సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. కొన్ని బొగ్గు గనుల్లోనూ సల్ఫైడ్ ఖనిజాల గనుల్లోనూ నీటి పీహెచ్ 3 దాకా, ఒక్కోసారి అంతకంటే కిందికీ దిగుతుంది. ఆ నీటిలో పోత ఇనుము పంపు వారాల్లోనే తినివేయబడుతుంది. గని గోడల మీద, కాలువల అడుగున నారింజ రంగు మడ్డి కనిపిస్తే పీహెచ్ చూడకుండా ముందుకు పోవద్దు.

లోహం ఎంపికలో చిక్కు ఇక్కడే ఉంది. రాపిడికి హైక్రోమ్ (క్రోమియం ఎక్కువగా కలిపిన) ఇనుము గట్టిది, కానీ బాగా పులిసిన నీటికి అది తగదు. ఆమ్లానికి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు తట్టుకుంటుంది, కానీ ఇసుకకు మెత్తన; ఉప్పు నీరు కలిస్తే దానికీ గుంటలు పడతాయి. రెండూ కలిసిన నీటికి డూప్లెక్స్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు నడిమి దారి. సన్నటి మడ్డికీ ఆమ్లానికీ రబ్బరు పూత బాగా నిలుస్తుంది, కానీ పదునైన రాతి ముక్కలు వచ్చే చోట అది చిరిగిపోతుంది. ఏ లోహమూ అన్నిటికీ పనికిరాదు కనుక, సాధ్యమైన చోటల్లా ప్రధాన సంపుకు ముందు నీరు తేరుకునే సంపు ఒకటి తవ్వి, బురదను అక్కడే ఆపడం మంచిది. ఆ సంపును రెండు గదులుగా కడితే ఒకటి వాడుతూ మరొకదాన్ని శుభ్రం చేసుకోవచ్చు.

నీరు చిక్కగా ఉంటే హెడ్ మీటర్లలో పెద్దగా మారకపోయినా శక్తి మాత్రం సాంద్రతతో పెరుగుతుంది. సాపేక్ష సాంద్రత 1.1 అయితే మన 97 కిలోవాట్లు 107 అవుతాయి. 110 మోటారుకు ఊపిరి సలపదు. బురద నీరు తప్పదనుకుంటే 132 మోటారే తీసుకోండి.

పంపు కూర్చునే చోటు

గట్టు మీద కూర్చుని నీరు లాగే పంపు నిజానికి నీటిని లాగదు. గొట్టంలో గాలి ఒత్తిడిని తగ్గిస్తుంది, బయటి వాతావరణ ఒత్తిడి నీటిని పైకి తోస్తుంది. 17వ శతాబ్దంలో టోరిచెల్లి పాదరసంతో చూపింది ఇదే. సముద్ర మట్టంలో ఆ ఒత్తిడి 10.3 మీటర్ల నీటికి సమానం. అంతకు మించి ఎంత గొప్ప పంపైనా పీల్చలేదు. ఆవిరి యంత్రాలు రాకముందు లోతు గనుల్లో ఒకదానిపై ఒకటిగా, అంచెలంచెలుగా చూషణ పంపులు పెట్టుకోవలసి వచ్చింది ఇందువల్లే. ఆచరణలో 10.3 మీటర్లూ మన చేతికి రావు. 30 డిగ్రీల నీటి ఆవిరి ఒత్తిడికి 0.4, సక్షన్ (నీరు పీల్చే) గొట్టంలో ఘర్షణకు 1, పంపు కోరే ఎన్‌పీఎస్‌హెచ్ (లోపల నీరు ఆవిరి కాకుండా పంపు నోటి దగ్గర మిగలవలసిన ఒత్తిడి) 4, భద్రతకు 1 మీటరు తీసేస్తే మిగిలేది నాలుగు మీటర్లకు లోపే. గని సముద్ర మట్టానికి 1,500 మీటర్ల ఎత్తున ఉంటే అందులోంచి మరో 1.7 మీటర్లు పోతాయి. ఈ హద్దు దాటితే పంపులో గులకరాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తుంది. అవి రాళ్లు కావు, ఆవిరి బుడగలు పగులుతున్న చప్పుడు. ఇంపెల్లర్‌ను తొలిచేసేది అదే.

గని సంపులో నీటి మట్టం ఒక వానకు పది మీటర్లు మారవచ్చు. అందుకని ఓపెన్‌కాస్ట్ అడుగున గట్టు మీది పంపును నేను సాధారణంగా సిఫారసు చేయను. నీటితో పాటు తేలుతూ పైకీ కిందికీ కదిలే పాంటూన్ మీద పంపు, లేదా నీటిలోనే మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ ఈ చిక్కును మొదలంటా తీసేస్తాయి. డ్రైనేజి సబ్‌మెర్సిబుల్ మోటారును అది తోడే నీరే చల్లబరుస్తుంది. జాకెట్ ఉన్న రకమైతే సగం తేలినా కొంతసేపు తట్టుకుంటుంది. దాని బలహీనత రెండు చోట్ల ఉంటుంది: కేబుల్ లోపలికి వెళ్లే చోట, షాఫ్టు సీలు దగ్గర. సీలు గదిలోని నూనెను నెలకోసారి కొద్దిగా తీసి చూస్తే చాలు. పాలు కలిపినట్టు తెల్లబడి ఉంటే కింది సీలు లీకవుతున్నట్టు, మోటారుకు ఇంకా నీరు చేరలేదన్నట్టు. అప్పుడే పంపును పైకి తీస్తే ఖర్చు సీలుతో పోతుంది.

భూగర్భ గనిలో పని వేరు. ఫేస్ (తవ్వకం సాగే చోటు) దగ్గర చిన్న చిన్న గుంటల నుంచి తోడడానికి, నీరు లేక పొడిగా తిరిగినా పాడవని, సంపీడన గాలితో నడిచే డయాఫ్రం (సాగే పొర కదలికతో తోడే) పంపు చక్కగా సరిపోతుంది. చిక్కటి బురదకు స్క్రూ రకం పంపు మంచిదే కానీ అది ఒక్క నిమిషం పొడిగా తిరిగినా రబ్బరు స్టేటర్ (స్క్రూ చుట్టూ ఉండే కదలని తొడుగు) కాలిపోతుంది. ఫేస్‌ల నీరు చేరే ప్రధాన సంపు నుంచి వందల మీటర్ల పైకి ఒకే ఊపులో పంపడానికి క్షితిజ సమాంతర మల్టీస్టేజ్ పంపును (ఒకే ఇరుసు మీద వరుసగా ఇంపెల్లర్లు ఉన్నదాన్ని) మించినది లేదు. అది శుభ్రమైన నీటి కోసం చేసిన యంత్రం; దాని స్టేజిల మధ్య సందులు వెంట్రుక వాసి కనుక ఇసుక తగిలితే సామర్థ్యం కళ్లముందే పడిపోతుంది. గనిలోకి రాకముందే ఊటను దించాలంటే చుట్టూ బోర్లు వేసి బోరు సబ్‌మెర్సిబుల్స్ దించడం మరో దారి. అలా వచ్చే నీరు తేటగా ఉంటుంది, పంపుల మన్నిక పెరుగుతుంది, గని గోడల స్థిరత్వానికీ మంచిది.

మీథేన్ వెలువడే బొగ్గు గనిలో మోటారు, స్టార్టరు, కేబుల్ జాయింట్లు అన్నీ మంటను బయటికి రానివ్వని ఫ్లేమ్‌ప్రూఫ్ రకానివై, ధ్రువీకరణ ఉన్నవై ఉండాలి. ఇందులో సర్దుబాటుకు తావు లేదు. అత్యవసరమంటూ పైనుంచి మామూలు పంపును దించడం ప్రాణాలతో చెలగాటం.

కర్వ్ మీద చూపు

ఇప్పుడు కేటలాగ్ తెరవవచ్చు. పంపు కర్వ్ (ఎంత ప్రవాహం దగ్గర ఎంత హెడ్ ఇస్తుందో చూపే గీత) మీద మనకు కావలసిన బిందువు, అంటే గంటకు 200 ఘనపు మీటర్లు, 125 మీటర్లు, అత్యధిక సామర్థ్య బిందువుకు దగ్గరగా, దాని ప్రవాహంలో 80 నుంచి 110 శాతం మధ్య పడాలి. "ఎందుకైనా మంచిది" అని హెడ్ మరీ ఎక్కువున్న పంపు తీసుకుంటే, అది కర్వ్ మీద కుడి వైపుకు పరుగుతీసి, ఎక్కువ నీరు తోడుతూ, మోటారును వేడెక్కించి ట్రిప్ చేయిస్తుంది.

గని ఏటేటా లోతవుతుందన్నది మరో చిక్కు. ఈ ఏడాది 110 మీటర్లు, మూడేళ్లకు 140 కావచ్చు. దీనికి ఉత్తమమైన దారి, అదే కేసింగ్‌లో పెద్ద ఇంపెల్లర్ పట్టే పంపును ఇప్పుడు చిన్న ఇంపెల్లర్‌తో కొనడం, లేదా మల్టీస్టేజ్ పంపులో ఒకటి రెండు స్టేజిలను ఖాళీగా ఉంచి తర్వాత నింపుకోవడం. మోటారును మాత్రం మొదటే పెద్దది పెట్టుకోవాలి. వీఎఫ్‌డీతో (మోటారు వేగాన్ని మార్చే విద్యుత్ పరికరంతో) వేగం తగ్గించి సరిపెడదామనేవారు ఒక సంగతి గమనించాలి: హెడ్ వేగం వర్గంతో మారుతుంది. వాల్వు మూసినప్పుడు 150 మీటర్లు ఇచ్చే పంపు 90 శాతం వేగంలో 121 మీటర్లే ఇస్తుంది. 85 శాతంలో 108. నిలువు ఎత్తే 110 కనుక అక్కడ మోటారు తిరుగుతూనే ఉంటుంది, పైకి చుక్క నీరు రాదు, పంపులోని నీరు మాత్రం కాగుతుంది. ఘర్షణ ఎక్కువ, ఎత్తు తక్కువ ఉన్న లైన్లలో వీఎఫ్‌డీ గొప్పగా పనిచేస్తుంది. నిలువు ఎత్తే ప్రధానమైన గనిలో దాని లాభం పరిమితం.

రెండు పంపులను ఒకే గొట్టంలోకి కలిపితే నీరు రెట్టింపు రాదు. ప్రవాహం పెరిగినకొద్దీ ఘర్షణా పెరుగుతుంది కనుక రెండూ కొంత వెనక్కి తగ్గుతాయి. వేటి గొట్టం వాటికి ఉండాలని మొదట్లో చెప్పింది ఇందుకే.

ఆగిపోతే?

రెండు పంపులు నడవాలంటే మూడోది సిద్ధంగా ఉండాలి; అదీ గిడ్డంగిలో కాదు, సంపు దగ్గరే, గొట్టానికి బిగించి, వారానికోసారి నడిపి చూస్తూ. కరెంటు ఎన్ని గంటలు పోవచ్చో అంచనా వేసి ఆ మేరకు సంపులో ఖాళీ ఉంచుకోవాలి. గంటకు 60 ఘనపు మీటర్ల ఊటకు ఎనిమిది గంటలంటే 480 ఘనపు మీటర్లు, అదీ పంపు స్టార్ట్ అయ్యే మట్టానికి పైన. భూగర్భంలో అయితే జనరేటర్ గానీ రెండో ఫీడర్ (విడి కరెంటు లైను) గానీ లేకుండా ప్రధాన పంపింగ్ స్టేషన్‌ను ఊహించకూడదు. దూరపు కేబుల్ చివర వోల్టేజి పది శాతం పడితే మోటారు టార్క్ దాదాపు 19 శాతం పడిపోతుందని గుర్తుంచుకుని కేబుల్ సైజు వేయండి.

పంపు బిగించిన మొదటి రోజున ఒక పని చేయండి. సెంట్రిఫ్యూగల్ పంపైతే డెలివరీ వాల్వును నిమిషానికి మించకుండా మూసి, పంపు పక్కనున్న గేజీ ఎంత చూపుతుందో, వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు గేజీ, ఆంపియర్లు ఎంత ఉన్నాయో పుస్తకంలో రాసిపెట్టండి. స్క్రూ రకం, డయాఫ్రం రకం పంపులకు మాత్రం ఈ పరీక్ష ఎన్నడూ చేయవద్దు. స్క్రూ పంపు వాల్వు మూస్తే గొట్టాన్నో కేసింగ్‌నో పగలగొడుతుంది. వాల్వు మూసినప్పుడు 150 మీటర్లు ఇచ్చే మన ఉదాహరణ పంపుకు మొదటి రోజు గేజీ 14.7 బార్లు చూపాలి. ప్రతి నెలా అదే పరీక్ష చేస్తూ, సూది 13కు దిగిన నెలలోనే స్టాండ్‌బై పంపును పనిలో పెట్టి, అరిగినదాన్ని పైకి తీసి ఇంపెల్లర్‌నూ దాని చుట్టూ అరుగుదలను తట్టుకునే వేర్ రింగులనూ మార్చాలి. సూది 10.8కి చేరితే 110 మీటర్ల ఎత్తున నీరు బయటపడదు.